ఐదు కాళ్ల గొర్రె

మేళ్లచెరువు నుంచి

బాపుకు నీ బిడ్డ పద్మ దండం పెట్టి రాసే సంగతులు.

ఇక్కడ నేను, నీ అల్లుడు, మల్లి ముగ్గురం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, తమ్ముడు శీను, మరదలు సుజాత, గొర్రెలు, కుక్క అందరూ బాగున్నారని తలుస్తున్నాను. కొమ్ము విరిగిన పొట్టేలు ఇంకా మనుషుల మీదికి వస్తున్నదా, బుద్ధి తెచ్చుకున్నదా? సుజాతకు పొద్దున్నే వచ్చే తలనొప్పి తగ్గిందా? నీ మోకాలు ఎట్లున్నదని మాత్రం నిన్ను అడగను. అడిగితే "నాకేమైందే, గుండ్రాయి లెక్క ఉన్న" అంటావు, ఆ మాట అనుకుంటూనే గోడ పట్టుకొని లేస్తావు. శీనూ, బాపు మోకాలు సంగతి నువ్వు నిజం రాయి. ఈ ముక్క మెల్లగా చదువు. మామూలుగా చదివినా బాపుకు వినబడదు గాని, తన గురించి అన్న మాటయితే గుట్ట అవతలి నుంచి కూడా వినబడుతుంది.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏందని శీను నవ్వుతుంటాడు. నవ్వనీ. ఫోన్‌లో నీకు ఒక్క మాట వినబడాలంటే నా గొంతు పోవాలి. మొన్న "బాపూ, తిన్నవా?" అని అరిస్తే నువ్వు "ఆఁ? ఎవరు సచ్చిండ్రు?" అన్నావు. ఇక్కడ మా గల్లీలో మాత్రం ఎవరో కిటికీ తీసి "తిన్నామమ్మా" అన్నారు. అట్లాంటి ఫోన్‌లో ఇంత పెద్ద సంగతి ఎట్ల చెప్పాలి? అందుకే రాస్తున్నాను. పోస్టులో వేస్తే ఆలస్యమవుతుందని, మీ దిక్కు పోయే సిమెంటు లారీ డ్రైవరు చేతికి ఇస్తున్నాను. కేతేపల్లి కాడ రోడ్డు మీది చాయ్ హోటల్లో ఇచ్చిపోతానన్నాడు. ఇంకొక మాట. రాయబోతే నాకు బడిలో సార్లు నేర్పిన తెలుగే వస్తుంది. బిడ్డ ఊరు దాటంగనే మాట మార్చిందని అనుకోకు. నోరు తెరిస్తే మన మాటే.

ఇక అసలు సంగతి. పోయినసారి ఫోన్‌లో నేను ఏడ్చుకుంటూ "బాపూ, నన్ను తోల్కపో, నేనీడ ఉండలేను" అన్నాను కదా. ఆ మాట మాత్రం నీకు ఒక్కసారికే వినబడింది. "వచ్చే ఆయితారం గాక పై ఆయితారం శీనును ట్రాలీ కట్టమంట, సామాన్లు మూటగట్టి పెట్టు" అన్నావు. ఆ ఆదివారం దగ్గరికొచ్చింది. నువ్వు ట్రాలీ ఎక్కే ముందు ఈ ఉత్తరం ఆఖరు దాకా వినాలి. మధ్యలో గొర్రె అరిచిందని లేచి పోవద్దు. శీనూ, బాపును లేవనీయకు.

నేను ఎందుకు ఏడ్చానో ముందు చెబుతాను. ఈ ఊర్లో పొద్దున లేచేసరికి అన్నింటి మీద సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము. చెట్ల ఆకులు, ఆరేసిన బట్టలు, వంటింటి కిటికీ, పక్కింటి పిల్లి, అన్నీ ఒకటే రంగు. వచ్చిన కొత్తలో పొద్దున ఊడ్చాను, మధ్యాహ్నం ఊడ్చాను, సాయంత్రం ఊడ్చాను. చివరికి చీపురు మూలకు విసిరికొట్టి నెత్తి పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు మన మల్లి ఏం చేసిందో తెలుసా? కిటికీ రెక్క మీద దుమ్ములో వేలితో అ, ఆ రాసింది.

"అమ్మా, ఈడ పలక కొనుడు అవసరమే లేదు. ఇల్లంత పలకనే!" అని సంబరపడ్డది.

"పలక గాదు, నీ మొకం. పో, చేతులు కడుక్కో పో" అన్నాను. నాకు నవ్వు రాలేదు బాపూ. అప్పుడు నాకు దేనికీ నవ్వు రాలేదు.

మధ్యాహ్నం పూట సున్నపురాయి కోసం గుట్టల దిక్కు మందు పెట్టి పేలుస్తారు. ఆ సప్పుడుకు గూట్లో గిన్నెలన్నీ గలగలమంటాయి, నేను చెవులు మూసుకుంటాను. మల్లికి అది పండుగ. అంగన్‌వాడి నుంచి రాంగనే గూటి ముందు కూర్చుంటుంది. "అమ్మా, ఇయ్యాల గంటె పడతదా, చెంచా పడతదా?" అని నాతో పందెం. తను గంటె అంటుంది, నేను మొకం తిప్పుకుంటాను. గంటె పడాలని ముందే దాన్ని అంచుకు జరిపి పెట్టేది కూడా నేర్చింది. ఈ తెలివి మన ఇంటి వైపు నుంచి వచ్చిందని నీ అల్లుడంటాడు, నేను ఒప్పుకోను.

నల్లా నీళ్లు దినం విడిచి దినం వస్తాయి. రాని రోజు నేను తిట్టని దేవుడు ఉండడు. మల్లి మాత్రం పొద్దున లేచి నల్లా తిప్పి చూసి, నీళ్లు రాకపోతే "ఇయ్యాల తానం లేదోచ్!" అని గంతులు వేస్తుంది. వస్తే "ఇయ్యాల తానం ఉన్నదోచ్!" అని అదే గంతు వేస్తుంది. ఇట్లాంటి పిల్లతో ఏం వేగాలి, నువ్వే చెప్పు.

తిండికి ఇబ్బంది లేదు, ఆ ఫికర్ పెట్టుకోకు. బియ్యం మంచివే. జొన్నరొట్టె మాత్రం కలలోకి వస్తున్నది. ఇక్కడి హోటళ్లలో సాంబారు తియ్యగా ఉంటుంది, దాన్ని తాగాలా, చేతులు కడుక్కోవాలా తెలియదు. అసలు బాధ తిండిది కాదు బాపూ, మాట్లాడే మనిషిది. మన వాకిట్లో కూర్చుంటే పోయే ప్రతి ఆడమనిషి "ఏం కూరొండినవే పద్మా?" అని అడిగి, నేను చెప్పేదాకా కదిలేది కాదు. ఇక్కడ అందరూ తలుపులు వేసుకునే ఉంటారు. దుమ్ముకు వేసుకుంటారు, తప్పు వాళ్లది కాదు. కానీ ఏం కూర అని అడిగే మనిషి లేక నాకు కూర వండబుద్ధే కాలేదు. ఎన్నో రోజులు పచ్చిపులుసుతోనే సరిపెట్టాను.

నీ అల్లుడి సంగతి ఇంకా అన్యాయం. ఆయనది ఫ్యాక్టరీలో సిమెంటు సంచులు లారీకి ఎక్కించే పని. పనికి భయపడే మనిషి కాడని నీకు తెలుసు. ఒక్క ఈలతో మందనంతా మలిపేవాడు, ముందు గొర్రె తిరిగిందంటే ఎనకవన్నీ తిరిగేవి. పోయిన వానకాలం మా మందకు కాళ్ల రోగం వచ్చి, గిట్టలు చెడి, మోకాళ్ల మీద పాకుతూ మేసి, మన కండ్ల ముందే ఒకటొకటి పోయాయి కదా. మిగిలినవి కోతకు అమ్మి తోలిన రోజు ఆయన ఏడవలేదు. ఆ రోజు నుంచి ఈల కూడా వేయలేదు. ఇక్కడికొచ్చాక ఇంకా ఘోరం. పని నుంచి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంటాడు. ఏమైంది అంటే "ఏం గాలే". తింటవా అంటే "పెట్టు". ఆయనకు ఇక ఆ రెండు మాటలే మిగిలాయి.

ఒకరోజు నేను ఓర్వలేక "నీ అయ్యకు నోరు పడిపోయిందానే?" అని మల్లి మీద విరుచుకుపడ్డాను.

"మాటలు అయిపోయినయమ్మా. నల్లా లెక్కనే. రేపొస్తయి తియ్" అని అది గంటెను అంచుకు జరుపుకుంటూ చెప్పింది.

ఈ పిల్లకు బాధంటే ఏందో తెలియదనుకున్నాను. పసిది, మంద పోయింది కూడా మరిచిందనుకున్నాను. అది నవ్వినకొద్దీ నాకు ఒళ్లు మండేది. ఇంట్లో ఒకరు మాట్లాడరు, ఇంకొకరు నవ్వు ఆపరు, మధ్యలో నేను. అందుకే ఆ రోజు ఫోన్‌లో నీకు అట్ల ఏడ్చి చెప్పాను. ఆయనను అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. మూడో మాట వచ్చిందని సంతోషపడాలో, మొగుడు కూడా వద్దనలేదని ఏడవాలో తెలియలేదు.

ఇక ముగ్గు కథ చెబుతాను. నవ్వుకో, కానీ సుజాతకు చెప్పకు. శీను గట్టిగా చదువుతున్నాడంటే సుజాత ఎట్లాగూ వింటుంది. సరే, విననీ.

మా కిరాయి ఇంటామె కోటమ్మగారు. ఏటి అవతలి వైపు పుట్టి ఇక్కడికి కాపురానికొచ్చిన మనిషి. మంచిదే, కానీ తిట్టినా మెచ్చుకున్నా "అమ్మాయ్" అనే మొదలుపెడుతుంది, ఏది వస్తున్నదో మాట సగం దాటేదాకా తెలియదు. ఒకనాడు సాయంత్రం వచ్చి "అమ్మాయ్, మీ వైపు ఆడవాళ్లు ముగ్గులు బాగా పెడతారటగా. రేపు మా పిల్ల జ్యోతిని చూసుకోడానికి పెళ్లివారొస్తున్నారు. వాకిలి నిండా పెట్టాలి సుమా. పిండి మెట్ల కింద ఉంటుంది, తీసుకో" అన్నది.

బాపూ, ఈ ఊర్లో నన్ను ఒకరు ఒక పని అడగడం అదే మొదలు. నాకు ఎంత సంతోషమైందంటే, పొద్దు పొడవకముందే లేచాను. అమ్మ వేసే పెద్ద తామరపువ్వు ముగ్గు గుర్తుంది కదా, పండుగ పూట వాడకట్టంతా చూసిపోయేది, అదే వేయాలనుకున్నాను. మెట్ల కింద చూస్తే తుప్పు పట్టిన డబ్బాలో గడ్డలు కట్టిన ముగ్గుపిండి ఉంది. దాని పక్కనే సగం సంచి, మూతి మడిచిపెట్టి ఉంది. విప్పి చూస్తే పాలలాంటి తెలుపు, మైదా అంత మెత్తన. డబ్బాది ఎవరిక్కావాలి? సంచిదే చాటలో పోసుకున్నాను. ఆ సంచి మీద ఏదో రాసి ఉందట. ముగ్గుపిండి సంచి మీద రాత ఎవరైనా చదువుతారా?

గచ్చు మీద నిండుగా నీళ్లు చల్లి ముగ్గు మొదలుపెట్టాను. వేళ్ల మధ్య నుంచి ఎట్ల జారిందనుకున్నావు! ఒక్క గీత తెగలేదు. ఈ ఊర్లో దుమ్మయితే దుమ్ము గాని ముగ్గుపిండి మాత్రం మన ఊరిదాని కన్నా మేలని మెచ్చుకున్నాను కూడా. ఇంతలో మల్లి కండ్లు నలుపుకుంటూ వచ్చి "నేను గూడ ఏస్తా, తాత గొర్రెను ఏస్తా" అని పట్టుబట్టింది. ఏడిస్తే ఇల్లంతా లేస్తుందని గేటు పక్కన జర జాగా చూపించాను. అది ముక్కు కింద నాలుక పెట్టుకుని గొర్రెను వేసింది. ఒళ్లు సొరకాయ, తల ఉల్లిగడ్డ. చూస్తే కాళ్లు ఐదున్నాయి.

"గొర్రెకు ఎన్ని కాళ్లే?" అన్నాను.

"నాలుగు" అన్నది టక్కున.

"మరి గిదేంది?"

"గది ఉండనీ" అన్నది.

పొయ్యి మీద అన్నం పొంగుతున్నది, దానితో వాదించే తీరిక ఎక్కడిది? గాలికి లేవకుండా అమ్మ చేసినట్టే ముగ్గు మీద నీళ్లు చిలకరించి లోపలికి పోయాను. నీ అల్లుడు పనికి పోతూ ముగ్గును దాటి, ఆగి చూసి, "మంచిగున్నది" అన్నాడు. రోజంతా సిమెంటు మోసే మనిషి బాపూ! ఈ మాట గుర్తుపెట్టుకో.

పెళ్లివారు వచ్చారు. పిల్లగాని తల్లి చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి పువ్వు చుట్టూ తిరిగి లోపలికి పోయింది. తండ్రి గేటు కాడనే ఆగి, వంగి, గొర్రె కాళ్లను వేలితో లెక్కబెట్టి, తల గోక్కుని లోపలికి పోయాడు. చాయ్ తాగారు, పిల్లను చూశారు, కబురు చేస్తామని పోయారు.

తెల్లారి నీళ్లు చల్లి చీపురు వేస్తే ముగ్గు కదలలేదు. పీచు పెట్టి రుద్దాను. పీచు అరిగింది గాని ముగ్గు అరగలేదు. నా వేళ్లు ముందటి రోజు నుంచే మంటగా ఉన్నాయి, ఎందుకో నాకు అప్పుడు కూడా తట్టలేదు. మల్లి చేతులు నేను అప్పటికప్పుడే కడిగించాను కాబట్టి దానికేం కాలేదు. కోటమ్మగారు బయటికొచ్చి "అమ్మాయ్, ఇంకా కడగలేదూ?" అన్నది. "కడుగుతున్నానండీ" అన్నాను. నా నోట "అండీ" రావడం అదే మొదలు. భయం ఏ భాషనైనా నేర్పుతుంది.

నీ అల్లుడిని పిలిచాను. ఆయన కూర్చుని, గోరుతో గీకి, వాసన చూసి, నా మొకం చూశాడు.

"పద్మా, గిది సిమెంటే."

"నిన్న దాని మీదికెళ్లే దాటుకుంట పోయినవు గద! ఎరుక కాలేదా నీకు?"

"మా దగ్గర ఉండేది నల్లది. గిది తెల్లది" అన్నాడు.

స్నానాల గదిలో పలకలు అతికించిన మేస్త్రీ మిగిల్చిపోయిన తెల్ల సిమెంటట అది. నేను దాన్ని తడి గచ్చు మీద వేసి, చాలదన్నట్టు పైన నీళ్లు కూడా పట్టాను. మేస్త్రీ కూడా అంత శ్రద్ధగా చేయడని నీ అల్లుడన్నాడు. చాలా రోజుల తర్వాత అంత పొడుగు మాట మాట్లాడాడు గాని, నేను సంతోషపడే పరిస్థితిలో లేను. ఉలి తెచ్చి కొడతానంటే కోటమ్మగారు గచ్చు పగులుతుందని అడ్డం పడ్డది. కొట్టొద్దు, కానీ ముగ్గు పోవాలి. ఎట్ల పోతుంది?

ఆ తర్వాత రోజులు గడిచినా పెళ్లివారి నుంచి కబురు రాలేదు. దాంతో ఆమె కోపమంతా గొర్రె మీదికి మళ్లింది. "అమ్మాయ్, శుభమా అని వాళ్లొస్తే గుమ్మంలో అవిటి గొర్రెను నిలబెట్టావు. ఎవరైనా మళ్లీ వస్తారా? నెలాఖరుకి గది ఖాళీ చేసెయ్యండి" అన్నది. నేను బయటికి "సరేనండీ" అన్నాను. లోపల "పోతేపోనీ, మా బాపు ట్రాలీ వస్తున్నది" అనుకుని గిన్నెలు మూటగట్టడం మొదలుపెట్టాను. నిజం చెబుతున్నాను, మూట కడుతుంటే అవమానంతో ఏడుపొచ్చింది.

ఇదంతా జరుగుతుంటే మల్లి ఏం చేసిందని అడుగు. అది గచ్చు మీద గుండ్రంగా తిరిగి ఎగిరింది. "అమ్మా! ఇగ నువ్వు పొద్దుగాల లేసి ముగ్గేసుడు లేదే! ఏసుడు అయిపోయింది! నేను పెద్దగైనంక గూడ ఉంటది!" అని. వీధిలోకి ఉరికి కనబడిన పిల్లలందరికీ చెప్పింది. "మా ముగ్గు పోదు, మీ ముగ్గు పోతది" అని గొప్పలు కూడా పోయింది. ఇక చూడు, రోజూ సాయంత్రమయ్యేసరికి వాకిలి నిండా పిల్లలు. తామర రేకులు తొక్కుడుబిళ్లకు గడులయ్యాయి. ఒంటికాలు మీద ఒక్కొక్క రేకు దుముకుతూ పోయి గొర్రె మీద రెండు కాళ్లు పెడితే పండు, గెలిచినట్టే. గీతలు చెరగవు కాబట్టి కొట్లాట కూడా లేదు.

నేను మూట కట్టిన నాటి సాయంత్రం పిల్లల కోసం తల్లులు వచ్చారు. అన్ని రోజులు మూసి ఉన్న తలుపుల వెనక ఇంతమంది ఆడవాళ్లున్నారని నాకు అప్పుడే తెలిసింది. ఒకామె గొర్రెను చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, కథంతా నాతో చెప్పించుకుని, గచ్చు మీదనే కూలబడి నవ్వింది. నాకు కోపం రావాలి కదా? రాలేదు. ఆమెతో పాటు నాకూ నవ్వొచ్చింది. నవ్వు ఆగాక ఆమె కండ్లు తుడుచుకుని "ఇంతకీ ఇవాళ ఏం కూర వండావు?" అని అడిగింది.

బాపూ, ఆ ఒక్క మాటకు నేనూ ఆమె పక్కనే గచ్చు మీద కూర్చుండిపోయాను. పచ్చిపులుసని చెప్పడానికి సిగ్గయి, చిక్కుడుకాయ అని అబద్ధం చెప్పాను. ఆమె పోంగనే మూట విప్పి గిన్నె తీసి, చిక్కుడుకాయలు తెచ్చి నిజంగానే వండాను.

ఆ సాయంత్రమే నీ అల్లుడు పని నుంచి వచ్చేసరికి పిల్లలు పోయారు, మల్లి ఒక్కతే గొర్రె పక్కన కూర్చుని దాని కాళ్లు తడి గుడ్డతో తుడుస్తున్నది. నేను నల్లా కాడ బిందె పట్టుకుని ఉన్నాను. ఆయన దాని పక్కన కూర్చున్నాడు.

"మల్లీ, గొర్రెకు నాలుగే కాళ్లని నీకెరుకే గదనే. మరి గీ ఐదోది ఏందిరా?"

మల్లి తుడవడం ఆపలేదు. "మన గొర్రెలకు కాళ్లు నొచ్చినయి గద నాయినా. నడవరాక సచ్చిపోయినయి గద. గందుకే దీనికి ఇంకోటి పెట్టిన. నాలుగు నడవనీకి, ఒకటి నొస్తే ఏసుకోనీకి."

నా బిందె నిండి పొర్లుతున్నది, నేను కట్టేయలేదు. మంద అమ్మిన రోజు ఏడవని మనిషి ఆ గొర్రె మీద చేయి పెట్టి ఏడ్చాడు బాపూ. భుజాలు ఊగిపోయేటట్టు ఏడ్చాడు. నేను ఉరికేలోపే మల్లి ఆయన వీపు మీద తట్టుకుంటూ "ఏడ్వకు నాయినా. దీనికేం గాదు. ఇది సిమెంటు" అన్నది.

ఆయన ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్ని రోజులైందో! నేను నల్లా కట్టేసి వచ్చి వాళ్ల పక్కన కూర్చున్నాను. ముగ్గురం నవ్వామో ఏడ్చామో చెప్పలేను గాని, కోటమ్మగారు కిటికీలోంచి చూసి మెల్లగా రెక్క వేసుకుంది.

అది ఏమీ మరిచిపోలేదు బాపూ. గొర్రెలు పాకుతూ మేసింది చూసింది, చచ్చింది చూసింది, మేం ఏడవకుండా మూలిగేది కూడా చూసింది. మేం పోయిన గొర్రెలను పట్టుకుని కూర్చున్నాం, అది ముందు రాబోయే గొర్రెకు కాలు సిద్ధం చేసింది. దీనికి బాధ తెలియదని ఇన్ని రోజులు దాని మీద అరిచాను. తెలియనిది నాకే. అట్లని ఇప్పుడు అరవడం మానేశానని కాదు, గంటె ఇంకా అంచుకే జరుపుతున్నది.

మరునాడు పొద్దున నీ అల్లుడు పనికి పోతూ గేటు దాటి ఈల వేశాడు. వీధి చివరి దాకా వినబడింది. ఇప్పుడు పని దగ్గర వెనక్కి వచ్చే లారీలను ఈలతోనే మలుపుతున్నాడట. డ్రైవర్లకు అర్థమైపోయిందట, గొర్రెలకన్నా ఆలస్యంగా నేర్చారు గాని నేర్చారని చెప్పాడు. సాయంత్రం వచ్చి నేను తింటవా అని అడగక ముందే "ఏం కూర?" అంటున్నాడు.

ఇంకొక సంగతి. మొన్న పెళ్లివారు మళ్లీ వచ్చారు, పెద్దమనుషులను తోలుకుని. సందు మరిచిపోయి "ఐదు కాళ్ల గొర్రె ఉన్న ఇల్లెక్కడ?" అని అడిగితే పిల్లలందరూ ఊరేగింపుగా తెచ్చి విడిచారు. పిల్లగాని తండ్రి ఇంటికి పోయినప్పటి నుంచి ఆ గొర్రెను తలుచుకుని నవ్వుతూనే ఉన్నాడట. సంబంధం ఖాయమైంది. కోటమ్మగారు ఇప్పుడు "అమ్మాయ్, పిల్లల్ని గొర్రె మీద తొక్కనివ్వకు, మా వియ్యంకుడికి అదంటే ఇష్టం" అంటున్నది. గది ఖాళీ చేయడం గురించి అడిగితే "అమ్మాయ్, ఎవరన్నారు ఆ మాట?" అని నా మీదనే లేచింది. పెళ్లికి కూడా ముగ్గు నేనే వేయాలట. ఈసారి డబ్బాలో పిండి తనే చేతికిస్తుందట.

కాబట్టి బాపూ, ఆదివారం నువ్వు తప్పకుండా రా. తోల్కపోనీకి గాదు, చూసిపోనీకి రా. మూట విప్పేశాను. వచ్చేటప్పుడు జొన్నపిండి తే, కొత్త చింతపండు తే, నీ అల్లుడికి ఒక గొంగడి తే, ఇక్కడ చలి బాగానే ఉంది. మన ఊరి ముగ్గుపిండి ఒక గంప తప్పకుండా తే. ఈ ఊర్లో తెల్లగా కనబడే ఏ సంచినీ నేను ఇక నమ్మను. మల్లి ఫోన్‌లో గొర్రెపిల్లను తెమ్మంటుంది, నీకు ఆ మాట వినబడనట్టే ఉండు. కోటమ్మగారికి ఒక గొర్రె చాలు.

శీనుకు, సుజాతకు నా దీవెనలు. వాడకట్టులో పెద్దలందరికీ నా దండాలు చెప్పు. నన్ను, నీ అల్లుడిని, మల్లిని చల్లగా ఉండమని మనసులో అనుకో, పైకి అంటే శీను నవ్వుతాడు. నీ కాళ్లకు మొక్కి ఉత్తరం ముగిస్తున్నాను.

నీ బిడ్డ,
పద్మ

ఉత్తరం కింద ఉన్న బొమ్మ మల్లి వేసింది. అది నువ్వే. తలకు రుమాలు, భుజాన గొంగడి, మీసాలు అన్నీ సరిగ్గానే కుదిరాయి. మూడు కాళ్లున్నాయని కోపానికి రాకు. అది కట్టె కాదు, కాలే, నేను అడిగి తెలుసుకున్నాను. నువ్వు గోడ పట్టుకొని లేచేది అది ఎప్పుడో చూసింది.